మోకాలికి ముందే నేర్పుదాం!

పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర దింపేసి వెంటనే వెనుదిరుగుతున్నారా? ఈసారి ఓ పావుగంట అక్కడే ఆగండి. ఆట మొదలయ్యే ముందు వాళ్లేం చేస్తున్నారో చూడండి.

"ఎవరూ తగల్లేదు మేడమ్. ఎగిరాను, బంతి వేశాను, దిగాను. అంతే. లోపల టప్‌మని చప్పుడైంది."

ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి. ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం ఎముకల విభాగం వాళ్లు మా మెడిసిన్ ఓపీకి పంపారు. గుండె, ఊపిరితిత్తులు, రక్తపరీక్షలు చూసి, మత్తు ఇవ్వడానికి ఇబ్బందేమీ లేదని రాసిచ్చే పని మాది. ఎడమ మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగినట్టు ఎమ్మారై రిపోర్టులో ఉంది. గుండె బాగుంది. హిమోగ్లోబిన్ మాత్రం 9.2.

నేను రాస్తుంటే వాళ్ల నాన్న అన్నారు. "ఇక ఆట మాన్పించేశాం మేడమ్. ఆడపిల్ల కదా, కాలు కుంటుపడితే రేపెవరు చేసుకుంటారు?" మోకాలిని అటూ ఇటూ వంచి చూసినప్పుడు కూడా పంటి బిగువున ఓర్చుకున్న పిల్ల, ఈ మాటకు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆటకు ముందు ఏం చేస్తారమ్మా అని అడిగాను. "ఏముంది మేడమ్, వెళ్లగానే నాలుగు షాట్లు వేస్తాం. టీములు పంచుకుంటాం. చీకటి పడేలోపు రెండు మ్యాచ్‌లు అవ్వాలి కదా!"

ఆ సాయంత్రం మా అమ్మాయిని తీసుకురావడానికి మా కాలనీ కోర్టుకు వెళ్లాను. తను తొమ్మిదో తరగతి. అక్కడా అదే తంతు. బ్యాగులు గోడవారన పడేశారు. ఒకడు మూడు పాయింట్ల గీత దగ్గర నుంచి బంతి విసురుతున్నాడు, మిగతావాళ్లు రింగు కింద తోసుకుంటున్నారు. ఐదు నిమిషాలు తిరక్కుండానే మ్యాచ్ మొదలైంది. అప్పటిదాకా స్కూల్లో బెంచీ మీద, ఆ తర్వాత ట్యూషన్లో కుర్చీలో, చివరికి స్కూటీ వెనక సీట్లో కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా పరిగెత్తడం, ఆగడం, తిరగడం, ఎగరడం మొదలుపెట్టారు. రెండేళ్లుగా నేను ఆ కోర్టుకు వెళ్తూనే ఉన్నాను. డాక్టర్ని అయ్యుండీ ఆ రోజు దాకా నా కంటికి అది తప్పుగా కనిపించలేదు.

రెప్పపాటు కన్నా వేగంగా

బాస్కెట్‌బాల్‌లో ఏసీఎల్ తెగిన సందర్భాల్లో ఎక్కువ భాగం, ఆ అమ్మాయి చెప్పినట్టే, ఎవరూ నేరుగా మోకాలికి తగలకుండానే జరుగుతాయి. పరిగెత్తుతూ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో మోకాలు లోపలికి వాలుతుంది. తొడ ఎముక, కింది కాలి ఎముక ఒకదానిమీద ఒకటి మెలిపడతాయి. ఆ రెంటినీ బిగించి ఉంచే ఏసీఎల్ తాడులా పుటుక్కుమంటుంది.

ఇలాంటి గాయాల వీడియోలను నెమ్మదిగా తిప్పి చూసిన పరిశోధకుల అంచనా ప్రకారం, పాదం నేలను తాకాక సెకనులో ఇరవయ్యో వంతు లోపే అంతా అయిపోతుంది. కంటికి కనిపించింది మెదడుకు చేరి, మెదడు చెప్పింది కండరానికి చేరడానికి దాదాపు దానికి నాలుగింతల సమయం కావాలి. అంటే, ‘అయ్యో, మోకాలు వాలుతోంది’ అని తెలుసుకుని సరిచేసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు, ఎంత చురుకైన పిల్లలకైనా సరే. ఎలా దిగాలన్నది పాదం నేలను తాకక ముందే శరీరానికి తెలిసి ఉండాలి. ‘జాగ్రత్తగా ఆడు’ అని మనం గేటు దగ్గర చెప్పే మాట అందుకే ఎందుకూ కొరగాదు. అలవాటు ఒక్కటే పనిచేస్తుంది. ఆ అలవాటు నేర్చుకునే చోటు వార్మప్.

ఒళ్లు వేడెక్కితే ఏమవుతుంది?

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా గుర్తు తెచ్చుకోండి. కదలకుండా ఉన్న కీలులోని జిగురు ద్రవం అలా గడ్డకట్టకపోయినా కాస్త చిక్కగానే ఉంటుంది. కదలిక మొదలయ్యాక పల్చబడి కీలు సాఫీగా జరుగుతుంది. కండరం వేడెక్కితే త్వరగా ముడుచుకుంటుంది, త్వరగా సడలుతుంది. నరాల సంకేతాలు చురుగ్గా వెళ్తాయి. గుండె ఒక్కసారిగా పరుగందుకోకుండా మెట్టుమెట్టుగా వేగం పెంచుకుంటుంది.

ఆస్తమా ఉన్న పిల్లలకు మరో మేలు ఉంది. మధ్యమధ్యలో కాస్త గట్టిగా శ్రమిస్తూ వార్మప్ చేస్తే, ఆ తర్వాత ఓ గంటో రెండు గంటలో ఆట వల్ల వచ్చే పిల్లికూతలు, ఆయాసం చాలామందిలో తగ్గుతాయి. ఇన్‌హేలర్ మానేయమని కాదు. ఆటకు పావుగంట ముందు వాడమని డాక్టర్ చెప్పి ఉంటే వాడాల్సిందే, ఆడే చోట బ్యాగులోనూ ఉండాల్సిందే.

మరి కోర్టు చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తితే చాలదా? ఒళ్లు వేడెక్కడానికి చాలు. కానీ తిన్నగా పరిగెత్తిన మోకాలికి వంపు తిరగడం తెలియదు, ఎగిరి దిగడం తెలియదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల ఫుట్‌బాల్ జట్లతో పెద్ద అధ్యయనం చేశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఇరవై నిమిషాల వార్మప్‌లో పరుగుతో పాటు ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి దిగడం, దిశ మార్చడం పద్ధతిగా చేయించిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే వార్మప్‌ను ఇటలీలో పురుషుల బాస్కెట్‌బాల్ జట్లతో చేయించి చూస్తే అక్కడా గాయాలు తగ్గాయని 2012లో ప్రచురించారు. నేనిక్కడ చెప్పబోయే డ్రిల్ అచ్చంగా ఆ వార్మప్ కాదు. అందులో మోకాలిని కాపాడే పనులేవో వాటినే పిల్లలకు ఇష్టమైన బంతితో కలిపి చేయించే దారి ఇది. వ్యాయామమంటే మొహం తిప్పుకునే పిల్లలు బంతి ఉంటే పదిసార్లైనా చేస్తారు.

పాస్ ఇచ్చి పరుగెత్తడమే అసలు ఆట

ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వ్యాయామ ఉపాధ్యాయుడు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, మంచు కురిసే కాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట కావాలని పీచ్ పళ్ల బుట్టలు రెండు వేలాడగట్టారు. ఒకరినొకరు ఢీకొని పడకూడదని ఆయన ముందే అనుకున్నారు. అందుకే తొలి నియమాల్లో బంతి పట్టుకుని పరిగెత్తడానికి వీల్లేదు. అందుకున్న చోటి నుంచే విసరాలి. అంటే పాస్ ఇవ్వడం, ఖాళీలోకి పరుగెత్తడం, మళ్లీ అందుకుని బుట్టలో వేయడం. డ్రిబ్లింగ్ తర్వాత వచ్చి చేరింది. అన్నట్టు, నైస్మిత్ ఆ తర్వాత వైద్యం చదివి 1898లో పట్టా కూడా పుచ్చుకున్నారు. డాక్టర్‌గా నాకదో చిన్న గర్వం.

మన డ్రిల్‌లో ఉన్నదీ ఆ మూడే. పాస్, కట్, లేఅప్. కట్ అంటే పరుగులో చటుక్కున దిశ మార్చి రింగు వైపు దూసుకెళ్లడం. లేఅప్ అంటే రెండడుగులు వేసి ఎగిరి, బంతిని బోర్డుకు మెత్తగా తాకించి రింగులో వేయడం.

ముందు ఐదు నిమిషాలు బంతి ముట్టుకోవద్దు. నెమ్మదిగా కోర్టు చుట్టూ పరుగు, పక్కకు జరిగే అడుగులు, మోకాళ్లు పైకెత్తి నడక, వెనక్కి నడక, ఒక్కో కాలి మీద అర నిమిషం నిలబడటం. ఒంటికాలి మీద నిలబడి పక్కవాళ్లతో మాట్లాడమంటే పిల్లలు నవ్వుకుంటూ చేస్తారు. నుదుటిమీద సన్నగా చెమట పట్టాలి, కానీ మాట తడబడేంత ఆయాసం రాకూడదు.

ఇప్పుడు రెండు వరసలు కట్టించండి. రింగుకు ఎదురుగా, ఫ్రీత్రో గీత వెనక ఒక వరస. వీళ్లు పాస్ ఇచ్చేవాళ్లు. కుడి పక్కన, రింగుకు ఐదారు మీటర్ల దూరంలో రెండో వరస. వీళ్లు కట్ చేసేవాళ్లు. బంతి మొదట పక్క వరసలోని అమ్మాయి చేతిలో ఉంటుంది. ఎదురు వరసలో ముందున్న వ్యక్తికి ఛాతీ ఎత్తులో పాస్ ఇస్తుంది. ఇచ్చిన వెంటనే రింగు వైపు పరిగెత్తకూడదు. ముందు రెండు మూడడుగులు దూరంగా, ఆటమీద ఆసక్తి పోయినట్టు జరగాలి. అక్కడ బయటి కాలు ఆనించి, చటుక్కున తిరిగి రింగు వైపు రావాలి. ఎదురుగా ఉన్న వ్యక్తి ఆమెకు కాస్త ముందుగా బౌన్స్ పాస్ ఇస్తారు. అందుకుని లేఅప్. పాస్ ఇచ్చినవాళ్లు పరుగున వెళ్లి, రింగు నుంచి పడే బంతిని అందుకుంటారు. ఇద్దరూ వరసలు మార్చుకుంటారు.

చెప్పుకోవడానికి ఇంతే. చేయించడంలోనే ఉంది సంగతంతా.

మొదటి రెండు విడతలూ నడకలోనే. పిల్లలు గొణుగుతారు, ‘ఇదేం ఆట ఆంటీ’ అంటారు. అననివ్వండి. నడకలో కుదరని అడుగు పరుగులో అస్సలు కుదరదు. తర్వాత సగం వేగంతో మూడు విడతలు, ఆపైన ఆటలో ఉండే వేగంతో మూడో నాలుగో. తర్వాత ఇదంతా ఎడమ పక్కన. మొత్తం పది నిమిషాలు. పది మందికి మించి ఉంటే రెండు రింగుల దగ్గరా చేయించండి. వరసలో నిలబడి నిలబడి చల్లబడిపోతే వార్మప్ చేసి లాభమేముంది?

ఎక్కడ చూడాలంటే...

తల్లిదండ్రులకు ఆట రాకపోయినా ఫర్వాలేదు. మూడు చోట్ల కన్నేస్తే చాలు.

మొదటిది కట్ చేసే అడుగు. దిశ మార్చే ముందు పిల్లలు వేగాన్ని చిన్న చిన్న అడుగులతో తగ్గించుకుంటున్నారా, లేక పరుగునంతా ఒకే కాలి మీద ఆపుతున్నారా? రెండోది ప్రమాదం. బయటి కాలు ఒంటికి మరీ దూరంగా పడకూడదు. నడుము కిందికి దిగి, మోకాలు వంగి, కాలి వేళ్లు చూసే వైపే మోకాలి చిప్ప కూడా చూస్తూ ఉండాలి. మోకాలు రెండో మోకాలి వైపు వాలితే అక్కడే ఆపి, మళ్లీ నడకలో చేయించండి. నిటారుగా నిలబడి కట్ చేసే పిల్లలు చాలామంది. నడుము దించాలంటే వాళ్లకు బద్ధకం కాదు, తొడల్లో, పిరుదుల్లో బలం చాలదు.

రెండోది చేతులు. కట్ చేస్తూనే అరచేతులు తెరిచి, బంతి ఎక్కడ కావాలో చూపించాలి. ఇది మర్యాద కోసం కాదు, వేళ్ల కోసం. తయారుగా లేని వేలి కొనకు బంతి తగిలితే వేలు వాస్తుంది. ఇళ్లల్లో వెంటనే ఎవరో ఒకరు ఆ వేలిని పట్టుకుని లాగుతారు. దయచేసి లాగకండి. వేలి కొస కిందికి వేలాడి, తనంతట తాను లేవకపోతే స్నాయువు తెగి ఉండొచ్చు, ఎక్స్‌రే కావాలి. బౌన్స్ పాస్ ఇచ్చేవాళ్లకు కొండగుర్తు ఒకటి. ఇద్దరి మధ్య దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర బంతి నేలను తాకితే, అందుకునేవాళ్ల నడుము ఎత్తుకు సరిగ్గా వస్తుంది. పరిగెత్తే మనిషికి కాదు, ఆ మనిషి చేరబోయే చోటికి ఇవ్వాలి. వెనక పడ్డ పాస్‌ను అందుకోవాలని పరుగులో ఒళ్లు వెనక్కి మెలితిప్పినప్పుడు మోకాలూ మెలిపడుతుంది. మంచి పాస్ ఇచ్చేవాళ్లు ఎదుటివాళ్ల మోకాలిని కాపాడుతున్నట్టే.

మూడోది దిగడం. నన్నడిగితే అన్నిటికన్నా ఇదే ముఖ్యం, అన్నిటికన్నా తక్కువ మంది చూసేదీ ఇదే. కుడివైపు నుంచి వస్తే కుడికాలు, ఎడమకాలు అని రెండడుగులు. ఎడమకాలితో ఎగిరి, కుడి మోకాలు పైకెత్తి, కుడిచేత్తో బంతిని బోర్డు మీది చతురస్రం పై మూలకు తాకించాలి. ఎడమవైపు అంతా తిరగేసి. బంతి చేతిలోంచి వెళ్లగానే అందరి చూపూ రింగు మీదికి పోతుంది. మీ చూపు మాత్రం పిల్లల కాళ్ల మీదే ఉండాలి. వీలైనంత వరకు రెండు పాదాల మీద, ముందు వేళ్ల వైపు, తర్వాత మడమ, మోకాళ్లూ తుంటీ వంచుతూ దిగాలి. చూడటం చేతకాకపోతే వినండి. ‘ధబ్’మని చప్పుడైతే మోకాళ్లు వంగలేదన్నమాట. ‘గోడ మీంచి పిల్లి దూకినట్టు దిగండి’ అని చెప్పాను మా కాలనీ పిల్లలకు. ఆ రోజు నుంచి ఎవరు చప్పుడు చేస్తే వాళ్లను ‘ఏనుగు’ అని పిలుస్తున్నారు. ఇది నేను నేర్పింది కాదు, కానీ నా ఉపన్యాసం కన్నా బాగా పనిచేసింది.

ఫోన్లో స్లో మోషన్ వీడియో ఉంటుంది కదా, రింగు కింద నిలబడి ఎదురుగా తీయండి. ఇంటికొచ్చాక పిల్లలకే చూపించండి. మా అమ్మాయి తన ఎడమ మోకాలు లోపలికి వాలడం చూసి నోరు తెరిచింది. నేను నెల రోజులు చెప్పినా నమ్మలేదు.

అమ్మాయిలకు ఎందుకెక్కువ?

ఇలాంటి ఆటల్లో ఏసీఎల్ గాయం అబ్బాయిల కన్నా అమ్మాయిల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. పన్నెండు పదమూడేళ్లు దాటాక ఈ తేడా మొదలవుతుంది. ఆ వయసులో ఎత్తు గబగబా పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. కానీ వాటిని అదుపు చేసే తుంటి కండరాల, తొడ వెనక కండరాల బలం అబ్బాయిల్లో పెరిగినంతగా పెరగదు. దాంతో దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలే అలవాటు స్థిరపడుతుంది. హార్మోన్ల పాత్ర గురించీ, ఎముకల అమరిక గురించీ పరిశోధనలు సాగుతున్నాయి. వాటిని మనం మార్చలేం. దిగే పద్ధతిని, కండరాల బలాన్ని మార్చగలం. అందుకే ఈ వయసు అమ్మాయిలకు వార్మప్ మరింత అవసరం. ఆట మాన్పించడానికి ఇది కారణం కాదు.

ఎడమ పక్క మరవొద్దు

కుడిచేతి వాటం పిల్లలు ఎడమవైపు లేఅప్ అంటే తప్పించుకుంటారు. అడుగులు తడబడతాయి, బంతి ఎటో పోతుంది, స్నేహితులు నవ్వుతారు. కానీ మ్యాచ్‌లో బంతి ఎటువైపు వస్తుందో మన చేతిలో ఉండదు. అలవాటు లేని వైపు నుంచి ఎగరాల్సి వచ్చినప్పుడే అడుగు తప్పుతుంది. కాబట్టి కుడివైపు ఎన్నిసార్లో ఎడమవైపూ అన్నిసార్లు. బంతి పడకపోయినా సరే, అడుగులు కుదిరితే చాలు.

వరస కట్టడానికి స్నేహితులు లేనప్పుడు ఒంటరిగా చేసుకునేది ‘మైకన్ డ్రిల్’. ఆరడుగుల పది అంగుళాల జార్జ్ మైకన్ కాలేజీలో చేరినప్పుడు చురుగ్గా కదలలేకపోతే, కోచ్ రే మేయర్ ఇలాంటి సాధనలతోనే తీర్చిదిద్దారు. రింగు కింద నిలబడి కుడివైపు కుడిచేత్తో ఒకటి, పడిన బంతిని పట్టి ఎడమవైపు ఎడమచేత్తో ఒకటి, అలా ఆగకుండా ఒక నిమిషం. పెద్దగా పరుగు ఉండదు కాబట్టి మెత్తగా దిగడం నేర్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

కాస్త చేయి తిరిగాక ‘బ్యాక్‌డోర్ కట్’ కూడా కలపొచ్చు. బంతి కోసం పైకి వస్తున్నట్టు వచ్చి, అడ్డుకునేవాళ్ల వెనక నుంచి రింగు వైపు జారిపోవడం. 1996 మార్చిలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ జట్టు, అంతకుముందు ఏడాది అమెరికా కాలేజీ విజేత అయిన యూసీఎల్ఏను 43-41తో ఓడించింది సరిగ్గా ఇలాంటి ఒక్క కట్, ఒక్క బౌన్స్ పాస్, ఒక్క లేఅప్‌తోనే. ఆ వీడియో చూపిస్తే పిల్లలు ఈ డ్రిల్‌ను మళ్లీ ‘ఇదేం ఆట’ అనరు.

ఇవి చేయొద్దు

కదలకుండా కూర్చుని కాలు చాపి, నిమిషాల తరబడి సాగదీసే స్ట్రెచింగ్ ఆటకు ముందు వద్దు. కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే కాసేపు దాని చురుకు తగ్గుతుంది. ఆట అయ్యాక చేసుకోవచ్చు. నీళ్లు చల్లిన సిమెంటు కోర్టు మీదో, వాన వెలిసిన వెంటనో కట్ డ్రిల్ వద్దు. అరిగిన బూట్లు, చెప్పులు అసలే వద్దు. గాజులు, ఉంగరాలు, వేలాడే చెవి రింగులు తీసేయాలి. మే నెలలో సాయంత్రం ఐదింటికి కూడా మన దగ్గర నేల సెగలు కక్కుతూ ఉంటుంది. పొద్దున ఆరింటికి మార్చుకోండి, లేదా పొద్దుగూకాక. వార్మప్ సమయంలోనే నీళ్లు తాగించడం అలవాటు చేయండి.

ఇప్పుడు ఆ అమ్మాయి హిమోగ్లోబిన్ సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. వార్మప్‌కే ఆయాసపడే అమ్మాయిని ‘బద్ధకం’ అని కోప్పడే ముందు ఓసారి రక్తపరీక్ష చేయించండి. త్వరగా అలసిన కాళ్లు పద్ధతిగా దిగలేవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, ఐరన్ మాత్రలూ ఉచితమే.

ఇంకొక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పరిగెత్తుతూ ఉండగా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఈసీజీ, ఎకో చేయించి డాక్టర్ సరేననే దాకా కోర్టులోకి పంపొద్దు. ఎండకు కళ్లు తిరిగాయిలే అని సరిపెట్టుకునే విషయం కాదిది.

కాలు మడతపడితే

ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది చీలమండ. చాలాసార్లు దిగేటప్పుడు ఇంకొకరి పాదం మీద పడటం వల్ల. బామ్ రాసి గట్టిగా మర్దన చేయడం, వేడి కాపడం, నాటుకట్టు మొదటి రెండు రోజులూ వద్దు. గుడ్డలో చుట్టిన ఐసుతో పది పదిహేను నిమిషాల చొప్పున కాపడం, ఎలాస్టిక్ బ్యాండేజి, కాలు ఎత్తులో పెట్టుకోవడం చాలు. నాలుగడుగులు కూడా నడవలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మోకాలి విషయంలో, టప్‌మని చప్పుడై కొద్ది గంటల్లోనే వాపు వస్తే అదే రోజు ఎముకల డాక్టర్‌కు చూపించండి. వాపు తగ్గాక నడవగలుగుతోంది కదా అని వదిలేస్తే, తర్వాతెప్పుడో మెట్లు దిగుతూ మోకాలు జారి, లోపలి మెత్తని పొరలు కూడా చిరిగిన పిల్లల్ని చూశాం.

‘ఇక ఆట మాన్పించండి’ అన్న మాట నేనూ ఒకప్పుడు చెప్పినదే. కొన్నేళ్ల కిందట చీలమండ రెండోసారి బెణికిన ఓ పదో తరగతి అబ్బాయి తండ్రితో అన్నాను. చదువుకోమని కూడా చెప్పాను, పెద్దమనిషి తరహాలో. ఆ అబ్బాయి ఇరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ నా ఓపీకే వచ్చాడు. 98 కిలోలు, షుగర్ 210. నన్ను గుర్తుపట్టి, "మీరు చెప్పాక మళ్లీ కోర్టుకు వెళ్లలేదు మేడమ్" అన్నాడు నవ్వుతూ. అతని షుగర్‌కు నా మాటే కారణమని అనను. కానీ బెణికిన చీలమండకు ఆరు వారాల వ్యాయామం రాయాల్సిన చోట నేను రాసింది అది.

అందుకే ఆ ఇంటర్ అమ్మాయి నాన్నగారితో ఆ రోజు అరగంట మాట్లాడాను. ఐరన్‌తో హిమోగ్లోబిన్ 11 దాటాక ఆపరేషన్ అయింది. మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు, అదీ రెండు కాళ్ల బలం సమానమైందని పరీక్షించాకే. అంతకన్నా ముందు దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. పోయిన నెల ఆమెకు ఏడో నెల. ఫిజియోథెరపిస్టు డ్రిల్‌లో ఒక చోట నిలబడటానికి మాత్రం ఒప్పుకున్నారు, పాస్ ఇచ్చే చోట. పరుగు లేదు, ఎగరడం లేదు. ఫ్రీత్రో గీత దగ్గర నిలబడి, కట్ చేసి వస్తున్న ప్రతి అమ్మాయికీ బౌన్స్ పాస్ ఇస్తోంది. వాళ్ల నాన్న స్కూటర్ స్టాండు వేసి, ఫోన్లో వీడియో తీస్తూ, "ఏయ్ మూడో నంబరు, మోకాలు లోపలికి పోతోంది చూస్కో" అని అరుస్తున్నారు.